చిన్న చోట పాట వినబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. శనివారం రాత్రి కొండాపూర్‌లో ఏదో కేఫ్ మేడ మీద ఒక అమ్మాయి గిటార్ పట్టుకుని తను రాసుకున్న తెలుగు పాటలు పాడుతుందని, టికెట్ మూడొందలని, నలభై కుర్చీలే ఉంటాయని, ఆ అమ్మాయి పేరు మీ ఆఫీసులో ఎవరూ వినలేదని, వస్తామన్న ఫ్రెండ్స్ ఇద్దరూ చివరికి రామన్నారని, ఒక్కదానివే వెళ్ళాలో మానాలో తేలడం లేదని రాశావు. వెళ్ళమ్మా. ఒక్కదానివే వెళ్ళు. ఇష్టం లేనివాళ్ళని లాక్కెళ్తే పాట మీద ఉండాల్సిన ధ్యాస వాళ్ళ మొహాల మీద ఉంటుంది, వాళ్ళకి బోర్ కొడుతోందేమో, వెళ్దామంటారేమో అని.

ఫోన్‌లో చెప్తే రెండు నిమిషాల్లో అయిపోయేదే. కానీ ఇది నేను ఊరికే ఓ మాట అనేసి వదిలేసే విషయం కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. తెనాలిలో ఇరవయ్యారేళ్ళు మైకుసెట్టు నడిపాను, నీకు తెలుసుగా. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, పద్య నాటకాలు, పార్టీ మీటింగులు, అన్నిటికీ అహూజా యాంప్లిఫైయర్ రిక్షాలో వేసుకుని తిరిగినవాణ్ణి. పెద్ద పెద్ద గొంతులకి మైకు సర్ది పెట్టాను. అయినా ఇప్పుడు రాత్రిపూట నిద్ర పట్టకపోతే నా చెవిలో మెదిలే పాటలు చాలావరకు పేరు కూడా తెలియని వాళ్ళవే. ఎందుకో కింద చెప్తాను.

ముందు ఆ "ఎవరికీ తెలియని అమ్మాయి" అన్న మాట పక్కన పెట్టు. మాట తనదే, బాణీ తనదే, గొంతూ తనదే అయిన మనిషికి మన భాషలో ఎప్పటినుంచో పేరుంది, వాగ్గేయకారుడు అని. అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగయ్య అందరూ ఆ కోవ వాళ్ళే. రేడియో రోజుల్లో బాలాంత్రపు రజనీకాంతరావు గారు పాట రాశారు, బాణీ కట్టారు, పాడారు, అది చాలదన్నట్టు వాగ్గేయకారుల చరిత్ర కూడా రాసి 1961లో సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నారు. వంగపండు, గద్దర్, గోరటి వెంకన్న, వీళ్ళంతా తమ మాటని తమ గొంతుతోనే ఊళ్ళ మధ్య నిలబడి వినిపించినవాళ్ళు. చేతిలో ఒకరికి తంబురా, ఒకరికి కంజీర, ఒకరి కాలికి గజ్జె. ఈ అమ్మాయి చేతిలో గిటార్. వాయిద్యం మారింది గానీ చేసే పని అదే. కాబట్టి ఏదో ఫారిన్ ఫ్యాషన్ చూడ్డానికి వెళ్తున్నానని అనుకోకు.

అన్నమయ్య సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. ఆయన పాటల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో ఒక అరలో దాచారు. వందల ఏళ్ళ తర్వాత 20వ శతాబ్దంలో ఆ రేకులు చదివితే మాటలున్నాయి, పాట పైన రాగం పేరూ ఉంది, కానీ ఆయన దాన్ని ఏ వరసలో పాడాడో ఆ వరస మాత్రం చాలా పాటలకి లేదు. ఇప్పుడు మనం వింటున్న బాణీల్లో ఎక్కువ భాగం రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, ఆ తర్వాతివాళ్ళు కొత్తగా కట్టినవి. మాట రాగి మీద నిలిచింది. వరస ఉండాల్సింది విన్నవాళ్ళ చెవుల్లో, నోళ్ళలో. అక్కడ తెగిపోయింది, అంతే, ఇక దొరకలేదు. నేను దీని గురించి చాలాసార్లు ఆలోచించాను తల్లీ. ఇప్పుడు రికార్డింగులున్నాయి కదా అంటావు. ఉన్నాయి, కానీ ఎవరూ నొక్కని రికార్డింగు కూడా అరలో పెట్టిన రేకు లాంటిదే.

సరే, శనివారం సంగతి. ఈలోపు ఆ అమ్మాయి పాటలు ఆన్‌లైన్‌లో ఉంటే ఒకటి విను, మహా అయితే రెండు. అన్నీ వినేసి వెళ్ళకు. స్టూడియోలో చేసిన పాటలో కీబోర్డు, వయొలిన్, వెనక కోరస్, అన్నీ ఉంటాయి, అక్కడ ఒక్క గిటార్, ఒక్క గొంతు. అన్నీ ముందే వినేస్తే "అందులో వయొలిన్ ఉందే, ఇక్కడ లేదే" అని లెక్కలు కట్టుకుంటూ కూర్చుంటావు. అసలేమీ వినకుండా వెళ్తే అన్నీ కొత్తే అయ్యి చెవి అలిసిపోతుంది. ఒక్కటి తెలిసి ఉంటే, అది మొదలుపెట్టగానే తెలిసినవాళ్ళ ఇంట్లో అడుగుపెట్టినట్టు ఉంటుంది, అక్కణ్ణుంచి మిగతావి నీ అంతట నువ్వే అందుకుంటావు.

ఏడున్నరకి మొదలంటే ఏడింటికల్లా అక్కడుండు. తినేదేదో, తాగేదేదో ముందే కానిచ్చెయ్. చిప్స్ ప్యాకెట్ చప్పుడు అంత చిన్న గదిలో ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పలేను.

ఇప్పుడు ఎక్కడ కూర్చోవాలో చెప్తాను, ఇది నా పని కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను. మొదటి వరస మంచిదనుకుంటారు అందరూ. చిన్న గదుల్లో స్పీకర్ బాక్సులు పాడే మనిషికి కాస్త ముందు, రెండు పక్కలా నిలబెడతారు, మైకు కూయకుండా. మొదటి వరసలో మధ్యన కూర్చుంటే బాక్సుల ధ్వని నీ పక్కల నుంచి వెనక్కి వెళ్ళిపోతుంది, గిటార్ నేరుగా దగ్గర్నుంచి వినిపిస్తుంది, మాటలు మాత్రం సరిగ్గా అందవు. ఇలాంటి పాటలో మాట అందకపోతే ఇంకేముంది? మూడో వరసలో, మధ్యకి కొంచెం పక్కగా కూర్చో. గది మూలలకి పోకు, మూలల్లో కింది స్వరాలు పోగుపడి బొంయ్ మంటాయి. ఏసీ కింద వద్దు, కాఫీ మెషీన్ పక్కన అసలు వద్దు. మిక్సర్ పెట్టుకున్న కుర్రాడు ఎక్కడున్నాడో చూడు, అతనికి ముందు ఏదైనా కుర్చీ ఖాళీగా ఉంటే అదే మంచి చోటు, ఎందుకంటే అతను తన చెవికి ఎలా వినిపిస్తోందో చూసుకునే సర్దుతాడు.

ఆరుబయట అయితే లెక్క వేరు. నేను హైదరాబాద్ వచ్చినప్పుడల్లా బంజారాహిల్స్‌లో లామకాన్‌కి వెళ్ళేవాణ్ణి, 2010లో ఒక పాత ఇంటిని అందరికీ తెరిచి పెట్టి మొదలుపెట్టారు, పాటలు, నాటకాలు, చర్చలు, ఏదో ఒకటి జరుగుతూనే ఉండేది, చాయ్ సమోసా కూడా బాగుండేవి. అలా ఆరుబయట కూర్చుంటే గొంతుని తిప్పి పంపే గోడలు ఉండవు, అది గాలిలోకి వెళ్ళిపోతుంది, కాబట్టి ముందుకి జరిగి కూర్చోవాలి.

కుర్చీ గురించి ఇంత చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మైకుసెట్టు వాళ్ళందరికీ తెలిసిన విషయం ఇది. సాయంత్రం నాలుగింటికి ఖాళీ హాల్లో మైకు టెస్ట్ చేస్తే గది మోగుతుంది, "హలో" అంటే ఆ హలో గోడకి తగిలి తిరిగొచ్చి మాట మీద మాట పడుతుంది. మా కుర్రాళ్ళు కంగారుపడి సౌండ్ మార్చబోతే నేను వద్దనేవాణ్ణి, జనం రానీరా, అదే సర్దుకుంటుంది అని. నిజంగానే జనం వచ్చి కూర్చోగానే అదే గది, అదే మైకు, మోత తగ్గి మాట తేటపడేది. మనుషుల ఒళ్ళూ, కట్టుకున్న బట్టలూ ధ్వనిని పీల్చుకుంటాయి. రెండు వేలమంది పట్టే ఆడిటోరియంలో ఒకళ్ళు తగ్గితే ఎవరికీ తెలియదు. నలభై కుర్చీల గదిలో పదిమంది రాకపోతే పాడే మనిషి గొంతు ఆ పది ఖాళీ కుర్చీల మీద నుంచి వెళ్ళి గోడకి కొట్టుకుని వెనక్కి వస్తుంది, ఆ సంగతి ముందు తెలిసేది ఆ మనిషికే. నువ్వు వెళ్ళాలా వద్దా అని అడిగావు చూడు, నేను వెళ్ళమన్నది నీ కాలక్షేపం కోసం ఒక్కటే కాదమ్మా. నువ్వక్కడ కూర్చుంటే పాట వేరేగా వినిపిస్తుంది, ఉత్తినే అనడం కాదు, నా చెవులతో విన్నది.

పాడుతున్నప్పుడు ఫోన్ బ్యాగులో పెట్టెయ్. గుర్తుగా ఒక ఫొటో కావాలంటే మొదటి పాట అయ్యాక చప్పట్లప్పుడు తీసుకో, ఫ్లాష్ లేకుండా. వీడియో మాత్రం అడగకుండా తీయొద్దు. ఇలాంటి చోట్ల ఇంకా పూర్తికాని పాటలు కూడా పాడి చూసుకుంటారు, రెండో చరణం రేపు మార్చాలనుకుంటూ ఉంటారు, అలాంటిది నువ్వు తీసి పెట్టేస్తే ఆ పచ్చి పాటే లోకంలో తిరుగుతుంది. పైగా చీకటి గదిలో ఒక్క స్క్రీన్ వెలిగినా ఆ అమ్మాయి కళ్ళు అక్కడికే పోతాయి.

ఇక నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. మన దగ్గర పాట అంటే సినిమా పాటే అయిపోయింది. నాలుగో పాటకో ఐదో పాటకో వెనక నుంచి ఎవరో ఒకరు "మేడమ్, ఒక సినిమా సాంగ్ వేసుకోండి" అంటారు, చూస్తూ ఉండు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఉత్సాహంతోనే అడుగుతారు. ఒకసారి గుంటూరులో ఒక చిన్న హాల్లో ఇలాగే ఒక కుర్రాడు సొంత పాటలు పాడుతున్నాడు, ముప్పై మంది ఉంటారు. అడిగారు. మొహమాటపడి పాడాడు. హాలంతా ఒక్కసారి లేచింది, అందరూ గొంతు కలిపారు, ఈలలు వేశారు. ఆ వెంటనే అతను తన పాట ఎత్తుకున్నాడు, అరనిమిషంలో జనం కబుర్లలో పడ్డారు. పాడాల్సిన పాటల వరస ఒక కాగితం మీద రాసుకుని స్టాండుకి అంటించుకున్నాడతను, నేను పక్కనే ఉన్నాను కాబట్టి కనిపిస్తోంది, ఇంకా మూడు పాటలున్నాయి దాంట్లో. ఆ పాట పూర్తి చేసి, కాగితం మెల్లగా పీకి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని "థాంక్యూ అండీ" అని దిగిపోయాడు. ఆ మూడు పాటలు ఏమిటో ఆ రోజు ఎవరూ వినలేదు.

సినిమా పాట తక్కువని కాదు. ఘంటసాల గొంతు ఎక్కడైనా వినిపిస్తే నేను ఇప్పటికీ చేస్తున్న పని ఆపి నిలబడతాను. కానీ ఆ పాటలకి మన ఇళ్ళన్నీ ఉన్నాయి, ఆటోలున్నాయి, ఊళ్ళో ప్రతి మైకూ ఉంది. ఈ అమ్మాయి పాటకి ఆ రాత్రి ఆ గది ఒక్కటే ఉంది. నీకు ఏదైనా అడగాలనిపిస్తే మా తెనాలి నాటకాల్లో పద్యం నచ్చినప్పుడు అరిచేవాళ్ళే, వన్స్‌మోర్, అది అడుగు. ఆఖర్లో, "ఆ మూడో పాట మళ్ళీ పాడతారా" అని. సొంత పాట రాసుకున్న మనిషికి దాన్ని మించిన మాట ఉండదు.

పాట మధ్యలో తాళం వేస్తూ చప్పట్లు కొట్టడం కూడా వద్దు, ఆమె కొట్టమంటే తప్ప. ఒక్క గిటార్ మీద పాడేటప్పుడు తబలా ఉండదు, డ్రమ్స్ ఉండవు, తాళం అంతా ఆ అమ్మాయి కుడిచేతిలోనే ఉంటుంది. జనం చప్పట్లు మొదలుపెట్టాక ఆగవు, పరిగెడతాయి, ఆమె తన పాట వేగం వదిలేసి మన వేగానికి పాడాల్సి వస్తుంది. మెత్తటి పాట అయితే ఇక దాని పని అయిపోయినట్టే. పాట అయ్యాక కొట్టు, గట్టిగా కొట్టు. ఆఖరి తీగ మోత ఆగేదాకా ఒక్క క్షణం ఓపిక పట్టి మరీ కొట్టు.

పాటకీ పాటకీ మధ్య ఆమె గిటార్ శృతి చేసుకుంటూ ఉంటుంది, అప్పుడు విసుక్కోకు. లోహపు తీగలు వేడికి సాగి శృతి దిగుతాయి, ఏసీ చల్లదనానికి బిగుసుకుని పైకి పోతాయి, తీగల మీద బిగించే ఆ చిన్న క్లిప్పు, కాపో అంటారు, అది మార్చిన ప్రతిసారీ కూడా కొంచెం తేడా వస్తుంది. పోయినేడు విజయవాడలో ఒక అమ్మాయి పాడుతుంటే తీగే తెగిపోయింది, పాట మధ్యలో, టప్ మని. ఇంకో గిటార్ లేదు. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని సంచిలోంచి కొత్త తీగ తీసి ఎక్కించింది, చేతులు పని చేసుకుంటుంటే నోటితో ఆ పాట ఎక్కడ పుట్టిందో చెప్పుకుంటూ పోయింది, వాళ్ళ నాయనమ్మ కళ్ళజోడుకి ఒక పక్క కాడ విరిగితే దారం కట్టుకుని చెవికి తగిలించుకునేదట, ఆ దారం గురించి. మిగిలిన తీగ కొసని గోళ్ళు తీసుకునే కట్టర్‌తో కత్తిరించింది. ఐదు నిమిషాలు పట్టింది, ఒక్కరూ లేవలేదు. కొత్త తీగ సాగుతూ ఉంటుంది కాబట్టి తర్వాత రెండు పాటలూ కొంచెం శృతి తప్పాయి. అయినా ఆ దారం పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నప్పుడు ఆ హాల్లో అందరి కళ్ళకీ ఆ కళ్ళజోడు కనిపించింది. పెద్ద స్టేజీ మీద అయితే పక్కనుంచి ఎవరో పరిగెత్తుకొచ్చి ఇంకో గిటార్ అందించేవాళ్ళు, ఆ కథ మనకి తెలిసేది కాదు.

కొత్త పాటని ఎలా వినాలో కూడా చెప్తాను, ఎందుకంటే దీనికి అలవాటు పోయింది మనకి. తెలిసిన పాటలు వినీ వినీ, మాటలు ముందే వచ్చి ఉంటాయి కాబట్టి, వినడం మానేసి గుర్తుచేసుకోవడం మొదలుపెట్టాం. తెలియని పాటలో ప్రతి మాటా పట్టుకోవాలని చూడకు, ఒకటి జారితే దాని వెనక పరిగెత్తుతావు, ఈలోపు నాలుగు జారిపోతాయి. పల్లవి మూడు నాలుగుసార్లు వస్తుంది. మొదటిసారి వరస విను. రెండోసారి మాట విను. చరణంలో ఒక్క వస్తువుని పట్టుకో చాలు, ఒక గిన్నె, ఒక వీధి, ఒక చొక్కా, ఏదో ఒకటి ఉంటుంది. ఇంకొకటి, ఎవరి పాట వాళ్ళు పాడుకుంటున్నప్పుడు ఏ మాట దగ్గర ఊపిరి ఆపుతారో చూడు. వేరేవాళ్ళ పాట పాడేవాళ్ళు రాగం దగ్గర ఆగుతారు, సొంత పాట వాళ్ళు చాలాసార్లు మాట దగ్గర ఆగుతారు, రాసేటప్పుడు కూడా అక్కడే ఆగి ఉంటారు కాబట్టి.

చొక్కా అని ఊరికే అనలేదు. ముప్పై ఏళ్ళ కిందటి సంగతి. మా దగ్గరే ఒక సంఘం వాళ్ళ వార్షికోత్సవం. ముఖ్య అతిథులు, ఉపన్యాసాలు, శాలువాలు అన్నీ అయ్యాయి. ఆఖర్లో కంజీర పట్టుకుని ఒక కుర్రాడు, పాతికేళ్ళుంటాయి, తన పాటలు పాడతానంటే పది నిమిషాలు ఇచ్చారు. జనం లేచిపోతున్నారు. రెండో పాట మధ్యలో నిర్వాహకుడు నావైపు చూసి చెయ్యి ఊపాడు, కట్టెయ్ అని. నేను కట్టేశాను. ఆ అహూజా మీద ఎర్ర లైటు ఆరిపోయింది. ఆ కుర్రాడు మైకు వైపు ఒకసారి చూశాడు, దాన్ని చేత్తో పక్కకి జరిపాడు, రెండడుగులు ముందుకొచ్చి ఆ చరణం ఆపకుండా పాడాడు. నేను మోచేతికీ అరచేతికీ మధ్య వైరు చుట్టుకుంటున్నాను, ఇంటికి పోవాలన్న తొందర. అప్పుడు విన్నాను.

"మిల్లు కూత కూసింది, నాన్న చొక్కా లేచి నడిచింది."

చుట్టడం ఆపేశాను. వాళ్ళ నాన్న బియ్యం మిల్లులో పనిచేసేవాడని, ఇంట్లో పొద్దున్నే ఆ చొక్కా తప్ప మనిషి కనిపించేవాడు కాదని ఆ ఒక్క మాటలో తెలిసిపోయింది. మా నాన్న, అంటే మీ తాతయ్య కూడా మిల్లు గుమాస్తానే కదా. పాట అయిపోయింది. ఉన్న పదిమంది కొట్టీ కొట్టనట్టు చప్పట్లు కొట్టారు. అతను చెప్పులేసుకుని, కంజీర చంకలో పెట్టుకుని నా పక్కనుంచే వెళ్ళాడు, ఇంత దూరంలో. నేనేమీ అనలేదు. మైకు కట్టేసినవాణ్ణి ఏ మొహంతో మాట్లాడతానని అనుకున్నాను. పేరు కూడా అడగలేదు. తర్వాత వెతికాను, తెలిసినవాళ్ళని అడిగాను, దొరకలేదు. ఆ పాటలో నాకు తెలిసింది ఆ ఒక్క వరసే. ఆ రోజు తర్వాత ఎవరు ఎంత చెప్పినా పాట మధ్యలో నేను మైకు కట్టేయలేదు. ఊరికి ఎవరు సొంత పాటలతో వచ్చినా వెళ్ళి కూర్చుంటున్నాను.

అందుకే ఇది మాత్రం తప్పకుండా చెయ్. అయిపోయాక ఆ అమ్మాయి వైర్లు సర్దుకుంటూ అక్కడే ఉంటుంది, పెద్ద కచేరీల్లోలా వెనక తలుపు నుంచి వెళ్ళిపోరు. దగ్గరికి వెళ్ళు. "చాలా బాగా పాడారండీ" అని ఊరుకోకు, అది అందరూ అంటారు, అది చెవి దాకా వెళ్ళి అక్కడే ఆగిపోతుంది. నీకు గుర్తున్న మాట ఒక్కటి ఆమెకి తిరిగి చెప్పు. "ఆ పాటలో ఫలానా మాట అన్నారు కదా, అది నాకు పట్టుకుంది" అను. కారణం చెప్పగలిగితే చెప్పు, లేకపోతే వద్దు. నీ వెనక ఇంకొకరు నిలబడి ఉంటే రెండు నిమిషాల్లో పక్కకి తప్పుకో, సెల్ఫీ కోసం ఆపకు. ఎవరిలాగో ఉంది మీ గొంతు అని సినిమా సింగర్ పేరు మాత్రం చెప్పకు, పొగడ్తే అనుకుంటాం గానీ అది ఆ అమ్మాయికి పొగడ్తగా వినిపించదు.

నచ్చకపోతే? అలా కూడా అవుతుంది. సొంత పాటలన్నీ మంచి పాటలు కావు, నేను చాలా బలహీనమైనవి విన్నాను, ప్రాస కోసం మాటల్ని వంచినవి, ఒకే బాణీని నాలుగు పాటలకి తొడిగినవి. గంటన్నరలో పది పాటలు పాడితే రెండు నీ వెంట ఇంటికొచ్చినా ఆ రాత్రి నీకు దక్కినట్టే. అసలేమీ నచ్చకపోతే పాట మధ్యలో లేవకు, పాట అయ్యాక చప్పట్ల చాటున మెల్లగా లేచి వెళ్ళు, దాంట్లో తప్పు లేదు. నచ్చనివాటిని నచ్చాయని చెప్పాల్సిన అవసరమూ లేదు. కానీ మొదటి రెండు పాటలకే తేల్చేయకు. పాడేవాళ్ళకి గొంతు తెరుచుకోవడానికీ, గదికి చెవి అలవాటు కావడానికీ ఆ మాత్రం పడుతుంది.

డబ్బు విషయం. టికెట్ కొన్నావు, సంతోషం. దాంట్లో ఆమె చేతికి ఎంత వెళ్తుందనేది ఒక్కో చోట ఒక్కో లెక్క. నచ్చితే, అక్కడ బల్ల మీద సీడీయో పాటల పుస్తకమో పెడితే కొను, ఈ మధ్య యూపీఐ కోడ్ ఒకటి పెడుతున్నారు, దానికి నువ్వు ఒక సినిమాకి పెట్టేంత పెట్టు. గిటార్ తీగల సెట్టు ఒకటి వస్తుంది ఆ డబ్బుతో. మళ్ళీ ఎక్కడ పాడుతుందో అడిగి రాసుకో, తర్వాతిసారి ఒకరిని వెంట తీసుకెళ్ళు, నిజంగా వినే మనిషిని.

వచ్చేటప్పుడు పది దాటుతుంది. క్యాబ్ లోపలే కూర్చుని బుక్ చేసుకో, వచ్చాకే కిందికి దిగు, ట్రిప్ వివరాలు మీ హాస్టల్ ఫ్రెండ్‌కి పంపు. ఆ దారి పొడుగూతా ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకు అమ్మలూ. విన్నది ఇంకా లోపల తిరుగుతూ ఉంటుంది, దాన్ని తిరగనివ్వు. మియాపూర్ వచ్చేలోపు ఒక వరస దానంతటదే నోట్లోకి వస్తుంది. తప్పుగా వచ్చినా పర్లేదు, పాడుకో.

ఆదివారం పొద్దున పదింటికి ఫోన్ చెయ్. పిన్ని కూడా వింటానంది, స్పీకర్‌లో పెడతాను. ఆ అమ్మాయి ఎలా ఉంది, ఎంతమంది వచ్చారు అన్నది తర్వాత, ముందు ఏ మాట పట్టుకొచ్చావో అది చెప్పు, వరసతో సహా.

బాబాయ్